సగటు వడి: ముందు కాలం లెక్క తేల్చండి

అందరికీ నమస్కారం. ఒక లెక్కతో మొదలుపెడదాం. కాగితం, కలం అక్కర్లేదు, నోటి లెక్కే. ఒక కారు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి గంటకు 60 కిలోమీటర్ల వడితో వెళ్లింది. అదే దారిన గంటకు 40 కిలోమీటర్ల వడితో తిరిగొచ్చింది. రానూపోనూ కలిపి సగటు వడి ఎంత?

(సభలో పలువురు: "యాభై!")

యాభై కాదు, 48. ఊళ్ల మధ్య దూరం నేను చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా. అది ఎంతైనా జవాబు మారదు. 60తోనూ 40తోనూ నిశ్శేషంగా పోతుంది కాబట్టి 120 కిలోమీటర్లు అనుకుందాం. వెళ్లడానికి 2 గంటలు పట్టింది, రావడానికి 3 గంటలు పట్టింది. మొత్తం దూరం 240, మొత్తం కాలం 5 గంటలు. 240ని 5తో భాగిస్తే 48.

మరి ఆ రెండు కిలోమీటర్లు ఎక్కడికి పోయాయి? కారు 60 వడితో ఉన్నది 2 గంటలే, 40 వడితో ఉన్నది 3 గంటలు. నెమ్మదిగా నడిచిన కాలం ఎక్కువ, అందుకే సగటు 40 వైపు ఒరిగింది. ఒక చెంబు వేడినీళ్లలో ఒకటిన్నర చెంబు చన్నీళ్లు కలిపితే ఆ నీళ్ల వెచ్చదనం రెండింటికీ సరిగ్గా నడిమిన ఉండదు కదా. ఇక్కడ చెంబులంటే గంటలు. యాభై అని చెప్పినవాళ్లు గంటలకు బదులు కిలోమీటర్లతో కొలిచి పోశారు.

ఈ పూట నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. వడుల సగటు కట్టాలంటే వాటిని కాలంతో తూచాలి. ఏ వడితో ఎంతసేపు ఉన్నాం అన్నది తేలకుండా కూడికలోకి దిగితే జవాబు తప్పుతుంది.

నిర్వచనం మీకు తెలిసిందే. మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగిస్తే వచ్చేది సగటు వడి. మొత్తం దూరమంటే మలుపులతో, చుట్టుదారులతో సహా నిజంగా తిరిగిన బాట పొడవు. పటం మీద స్కేలు పెట్టి కొలిచిన గీత పొడవు కాదు. వాహనమైతే బయల్దేరేటప్పుడు ఓడోమీటరు అంకె రాసుకోండి, దిగేటప్పుడు మళ్లీ రాసుకోండి, తేడా తీయండి. దాని పక్కనే ఉన్న స్పీడోమీటరు ఈ లెక్కకు పనికిరాదు. అది ఆ క్షణంలో ఎంత వడి ఉందో చూపిస్తుంది గానీ, గడిచిన గంటను గుర్తుపెట్టుకోదు.

మొత్తం కాలం దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. 240 కిలోమీటర్ల ప్రయాణం. చక్రం తిరిగింది 4 గంటలు, మధ్యలో ఆగింది 1 గంట. సగటు వడి 60 అనాలా, 48 అనాలా? భౌతికశాస్త్రంలో బయల్దేరిన క్షణం నుంచి చేరిన క్షణం దాకా గడియారం ఆగదు కాబట్టి 48. అలాగని 60 అనే అంకె అబద్ధం కాదు, అది వేరే ప్రశ్నకు జవాబు. చాలా సైకిల్ కంప్యూటర్లు, పరుగు లెక్కపెట్టే యాప్‌లు కదలిక ఆగగానే తమ గడియారాన్నీ ఆపేస్తాయి. అందుకే ఒకే ప్రయాణానికి రెండు పరికరాలు రెండు సగటులు చూపించాయంటే పరికరం చెడిపోయిందని కంగారు పడక్కర్లేదు. అందులో "కదిలిన కాలం" ఏదో, "గడిచిన కాలం" ఏదో చూడండి. పరీక్షలో "దారిలో 20 నిమిషాలు ఆగింది" అని ఇచ్చారంటే ఆ 20 నిమిషాలూ భాగహారంలో ఉండాల్సిందే.

ఎంత పెద్ద లెక్క వచ్చినా ఒక పట్టిక గీయండి. మూడు నిలువు వరుసలు: దూరం, వడి, కాలం. ప్రయాణంలో ఒక్కో ముక్కకు ఒక్కో అడ్డవరుస. ఆగిన సమయానికీ ఒక వరుస ఉండాలి. అందులో దూరం 0, వడి 0, కాలం మాత్రం ఉంటుంది. ప్రతి వరుసలో ఏవో రెండు గళ్లు ఇస్తారు, మూడోది మీరు పూరిస్తారు. తర్వాత దూరం వరుస కూడండి, కాలం వరుస కూడండి. వడి వరుసను మాత్రం ఎప్పుడూ కూడకండి. అడుగున ఉన్న రెండు మొత్తాలను భాగించగా వచ్చినదే ఆ ఖాళీ గడిలోకి వస్తుంది. ఈ పట్టిక గీసినవాళ్లు యాభై అని చెప్పే అవకాశమే లేదు.

ప్రమాణాల సంగతి త్వరగా ముగిస్తాను. గంటకు కిలోమీటర్లను సెకనుకు మీటర్లలోకి మార్చాలంటే 5తో గుణించి 18తో భాగించాలి. 1000 మీటర్లు, 3600 సెకన్లు, కొట్టివేతలు పోగా మిగిలేది అదే. ఏది పైన, ఏది కింద అని తడబడేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు: గంటకు 18 కిలోమీటర్లంటే సెకనుకు 5 మీటర్లు. దీనికన్నా ఎక్కువ మార్కులు పోగొట్టే తప్పు ఇంకోటుంది. 1 గంట 20 నిమిషాలను 1.20 గంటలు అని రాసేస్తారు. ఆ సమయంలో 90 కిలోమీటర్లు వెళ్తే సగటు 75 అని వస్తుంది. నిజానికి 20 నిమిషాలు గంటలో మూడో వంతు. 90ని మూడింట నాలుగుతో, అంటే నాలుగు బై మూడుతో భాగించాలి, 67.5 వస్తుంది. గంటలకు అరవై లెక్క, దశాంశాలకు పది లెక్క. ఈ రెంటినీ కలపకండి. అనుమానంగా ఉంటే కాలాన్నంతా నిమిషాల్లోకి మార్చి లెక్క చేసి, చివర్లో 60తో గుణించండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. రెండు వడులను మామూలుగా కూడి రెండుతో భాగించడం ఎప్పుడూ తప్పేనా? కాదు. సమాన కాలాలైతే అది సరైనదే. ఒక గంట 60తో, ఇంకో గంట 40తో నడిపితే 2 గంటల్లో 100 కిలోమీటర్లు, సగటు 50. దూరాలు సమానమైతే మాత్రం హరాత్మక మధ్యమం తీసుకోవాలి. రెండు వడుల లబ్ధానికి రెట్టింపు చేసి, వాటి మొత్తంతో భాగించాలి. 60, 40 లబ్ధం 2400, రెట్టింపు 4800, దాన్ని 100తో భాగిస్తే 48. మూడు సమాన దూరాలుంటే ఈ సూత్రాన్ని మూడింటికి సాగదీయడానికి తంటాలు పడకండి. పట్టికకే వెళ్లండి.

మామూలు సగటు తీసుకుంటే ఎంత తప్పు వస్తుందో కూడా కచ్చితంగా చెప్పొచ్చు. రెండు వడుల తేడాను వర్గం చేసి, వాటి మొత్తానికి రెట్టింపుతో భాగించండి. 60, 40 అయితే తేడా 20, వర్గం 400, దాన్ని 200తో భాగిస్తే 2. అదే 52, 48 అయితే తేడా 4, వర్గం 16, తప్పు 0.08 మాత్రమే. 90, 10 అయితే వర్గం 6400, తప్పు 32! మామూలు సగటు అక్కడా 50 అనే చెబుతుంది, అసలు సగటు 18. ఈ తప్పు ఇంతకాలం బతికి ఉండటానికి కారణం ఇదేనని నా అభిప్రాయం. వడులు దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు అది కంటికి కనబడదు. కనబడేంత పెద్దదయ్యేసరికి అలవాటు స్థిరపడిపోయి ఉంటుంది.

అంకెలు కల్పించుకోకుండా నిజమైన పరుగు ఒకటి చూద్దాం. 2009 ఆగస్టు 16న బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 100 మీటర్లను 9.58 సెకన్లలో పరుగెత్తాడు. సగటు వడి 100 భాగించు 9.58, సెకనుకు 10.44 మీటర్లు, అంటే గంటకు దాదాపు 37.6 కిలోమీటర్లు. ఆ పరుగును ఇరవై మీటర్ల ముక్కలుగా కూడా కొలిచారు. మొదటి 20 మీటర్లకు 2.89 సెకన్లు పట్టింది. తర్వాతి ముక్కలకు వరుసగా 1.75, 1.67, 1.61, 1.66. కూడి చూడండి, 9.58 వస్తుంది.

ఒక్కో ముక్కలో సగటు వడి తీద్దాం. మొదటి దాంట్లో 6.92. తర్వాత 11.43, 11.98, 12.42, 12.05. ఈ ఐదింటినీ కూడి 5తో భాగిస్తే 10.96 వస్తుంది. అసలు సగటేమో 10.44. ముక్కలన్నీ సమాన దూరాలు, సమాన కాలాలు కావు. మొదటి ముక్క దూరంలో ఐదో వంతే అయినా కాలంలో 30 శాతం తినేసింది. నిలుచున్న చోటు నుంచి లేచి వడి అందుకోవాలి కదా. తుపాకి మోత విని కదలడానికి పట్టిన 0.146 సెకను కూడా అందులోనే ఉంది. ఆ కాస్తా తీసేసి లెక్కగడితే సగటు 10.60 అవుతుంది. కానీ పరుగుపందెపు గడియారం తుపాకితోనే మొదలవుతుంది, కాబట్టి రికార్డుకు సంబంధించిన సగటు 10.44.

ఇంకో సంగతి గమనించండి. 60 నుంచి 80 మీటర్ల మధ్య అతని వడి 12.42, అంటే గంటకు 44.7 కిలోమీటర్లు. పత్రికల్లో కొన్నిచోట్ల 37, కొన్నిచోట్ల 44 అని కనబడితే రెండూ నిజమే. ఒకటి మొత్తం పరుగు సగటు, రెండోది ఆ ఇరవై మీటర్ల సగటు. చివరి ముక్కలో వడి కాస్త తగ్గింది కూడా. మొత్తం సగటు ఒక్కటే చూస్తే ఇవేవీ కనబడవు. అది ఆ అంకెకున్న పరిమితి.

ఇప్పుడు ఒక చిక్కు లెక్క. మాక్స్ వెర్తైమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1934లో ఐన్‌స్టీన్‌కు రాసిన ఉత్తరంలో దీన్ని పంపాడు. ఒక పాత కారు 1 మైలు కొండ ఎక్కి, 1 మైలు దిగాలి. ఎక్కేటప్పుడు గంటకు 15 మైళ్లకు మించి పోలేదు. మొత్తం మీద సగటు గంటకు 30 మైళ్లు రావాలంటే దిగేటప్పుడు ఎంత వడితో దిగాలి?

(సభలో: "నలభై ఐదు")

మామూలు సగటు ఆ జవాబే చెప్పిస్తుంది. కాలం తీయండి. 2 మైళ్లకు సగటు 30 రావాలంటే మొత్తం 4 నిమిషాల్లో పూర్తవాలి. 15 వడితో 1 మైలు ఎక్కడానికే 4 నిమిషాలు అయిపోయాయి. దిగడానికి మిగిలింది సున్నా. ఏ వడితో దిగినా 30 రాదు. లెక్క వేస్తే గానీ దిగడానికి కాలమే మిగల్లేదని తెలియలేదని ఐన్‌స్టీన్ కూడా జవాబు రాశాడు. కాబట్టి మీరు సిగ్గుపడక్కర్లేదు.

దీన్నుంచి ఒక హద్దు దొరుకుతుంది. సగం దూరం ఒక వడితో పోయాక, మిగతా సగం ఎంత వడితో పోయినా మొత్తం సగటు ఆ మొదటి వడికి రెట్టింపును అందుకోలేదు. మొదటి సగం 30తో పోయాం అనుకోండి. రెండో సగం 300తో పోయినా సగటు 54.5. 3000తో పోయినా 59.4. అరవైకి దగ్గరవుతూ ఉంటుంది గానీ అరవై కాదు. పోయిన కాలాన్ని వెనక్కి తెచ్చే వడి లేదు మరి.

ప్రయాణాల్లో దీని ప్రభావం ఎంతో ఒక ఉదాహరణ. 100 కిలోమీటర్ల దారి. అందులో 10 కిలోమీటర్లు రద్దీ వల్ల 20 వడితో, మిగతా 90 కిలోమీటర్లు 100 వడితో. కాలాలు అరగంట, 54 నిమిషాలు. మొత్తం 84 నిమిషాలు, సగటు 71.4. ఇప్పుడు ఖాళీ రోడ్డు మీద 100ను 120 చేశాం అనుకోండి. 54 నిమిషాలు 45 అవుతాయి, 9 నిమిషాలు మిగిలాయి. అలా కాకుండా రద్దీ ముక్కలో 20ని 30 చేయగలిగామనుకోండి. 30 నిమిషాలు 20 అవుతాయి, 10 నిమిషాలు మిగిలాయి. తొంభై కిలోమీటర్ల పొడవునా ఇరవై పెంచినదానికన్నా పది కిలోమీటర్లలో పది పెంచడం వల్లే లాభం ఎక్కువ. కిలోమీటరుకు కాలం ఎక్కువ తినే ముక్కను బాగుచేస్తేనే సగటు బాగా కదులుతుంది. వడి పెరిగేకొద్దీ ఆదా తగ్గిపోతుంది కూడా. 100 కిలోమీటర్లకు 40ని 50 చేస్తే అరగంట మిగులుతుంది, అదే 100ని 110 చేస్తే అయిదున్నర నిమిషాలే.

గాలి, నీటి ప్రవాహం లెక్కలూ ఇవే. గాలి లేనప్పుడు గంటకు 800 కిలోమీటర్ల వడితో పోయే విమానం, గంటకు 100 వడితో వీచే ఎదురుగాలిలో 700తో వెళ్తుంది. అదే గాలి వెనకనుంచి తోస్తే 900తో తిరిగొస్తుంది. వెళ్లేటప్పుడు పోయింది వచ్చేటప్పుడు కలిసొచ్చిందిలే అనుకుంటారు. కలిసిరాదు. సగటు 787.5. ఎదురుగాలిలో గడిపే కాలం ఎక్కువ కాబట్టి, స్థిరంగా ఒకే దిక్కున వీచే గాలి రానూపోనూ ప్రయాణానికి ఎప్పుడూ నష్టమే. ఎంత నష్టం అంటే గాలి వడి వర్గాన్ని విమానం వడితో భాగించినంత. 10000 భాగించు 800, అంటే 12.5.

పాఠ్యపుస్తకాల్లో వడి, వేగం వేర్వేరుగా ఉంటాయి. దాన్ని కలగాపులగం చేయకండి. వడికి దిశ లేదు, అది అదిశ రాశి. వేగానికి దిశ ఉంది, అది సదిశ రాశి. సగటు వేగం అంటే దూరాన్ని కాదు, స్థానభ్రంశాన్ని, అంటే బయల్దేరిన చోటి నుంచి చేరిన చోటికి దిశతో సహా నేరుగా ఉన్న దూరాన్ని, కాలంతో భాగించాలి. గంటలో 3 కిలోమీటర్లు తూర్పుకూ, 4 కిలోమీటర్లు ఉత్తరానికీ నడిస్తే సగటు వడి గంటకు 7 కిలోమీటర్లు, సగటు వేగం పరిమాణం 5 మాత్రమే. బయల్దేరిన చోటికే తిరిగొస్తే సగటు వేగం సున్నా. భూమినే తీసుకోండి. సూర్యుడి చుట్టూ ఏడాదికి దాదాపు 94 కోట్ల కిలోమీటర్లు తిరుగుతుంది. సగటు వడి సెకనుకు 29.8 కిలోమీటర్లు. సూర్యుడికి దగ్గరగా ఉన్నప్పుడు సుమారు 30.3, దూరంగా ఉన్నప్పుడు 29.3. అంత పరిగెత్తినా, సూర్యుడిని నిలిచి ఉన్నట్టు తీసుకుంటే పూర్తి చుట్టు మీద దాని సగటు వేగం సున్నా. సగటు వేగం పరిమాణం సగటు వడిని ఎన్నడూ మించదు. మించిందంటే మీ లెక్కలో తప్పుంది, వెనక్కి వెళ్లండి.

వడి ముక్కలుముక్కలుగా కాక నిరంతరం మారుతుంటే ఏం చేయాలి? త్వరణం స్థిరంగా ఉంటే, అంటే వడి ఒకే తీరున పెరుగుతూనే పోతే లేదా తగ్గుతూనే పోతే, ఒక సుళువు ఉంది. మొదటి వడి, చివరి వడి కూడి సగం చేస్తే సగటు వడి వస్తుంది. 14వ శతాబ్దంలో ఆక్స్‌ఫర్డ్‌లోని మెర్టన్ కళాశాల పండితులు ఈ సంగతి తేల్చారు. అదే శతాబ్దంలో ఫ్రాన్స్‌లో నికోల్ ఒరెమ్ బొమ్మ గీసి చూపించాడు. 1638లో అచ్చయిన తన పుస్తకంలో గెలీలియో దీన్ని కిందపడే వస్తువులకు అన్వయించాడు.

ఈ సుళువు వాడేవాళ్లలో సగం మంది షరతును మర్చిపోతారు. ఒక కారు నిలిచిన స్థితి నుంచి స్థిర త్వరణంతో 5 సెకన్లలో సెకనుకు 20 మీటర్ల వడి అందుకుని, తర్వాత 15 సెకన్లు అదే వడితో పోయింది. మొదటి వడి 0, చివరి వడి 20, సగటు 10 అంటే తప్పు. మొదటి 5 సెకన్లలో సగటు 10 కాబట్టి 50 మీటర్లు, తర్వాత 15 సెకన్లలో 300 మీటర్లు. 350ని 20 సెకన్లతో భాగిస్తే 17.5. త్వరణం మధ్యలో మారింది కాబట్టి ప్రయాణాన్ని అక్కడ కోసి రెండు ముక్కలు చేయాల్సిందే.

ఇంకో మెలిక. సెకనుకు 20 మీటర్ల వడితో వస్తున్న బండి బ్రేకు వేశాక 4 సెకన్లలో, ఒకే తీరున వడి తగ్గుతూ ఆగింది. సగటు 10, ఆగిన దూరం 40 మీటర్లు. వడి సరిగ్గా 10 అయ్యేది ఎక్కడ? కాలం సగమైనప్పుడు, అంటే 2 సెకన్ల దగ్గర. అప్పటికి బండి 30 మీటర్లు వెళ్లిపోయింది! దూరం సగం, అంటే 20 మీటర్లు అయ్యేసరికి వడి ఇంకా 14.1 ఉంటుంది. బ్రేకు వేసిన బండి సగం దూరానికి సగం వడికి వస్తుందనుకుని రోడ్డు దాటేవాళ్లు ఈ అంకెను ఒకసారి చూడటం మంచిది.

గ్రాఫుల గురించి రెండు మాటలు. దూరం–కాలం గ్రాఫులో రెండు బిందువులను కలుపుతూ గీసిన జ్యా వాలే ఆ వ్యవధిలో సగటు వడి. వడి–కాలం గ్రాఫులో అయితే గీత కింది వైశాల్యం దూరం, దాన్ని కాలంతో భాగించాలి. వ్యవధిని తగ్గించుకుంటూ పోతే జ్యా స్పర్శరేఖ, అంటే ఆ ఒక్క బిందువు దగ్గర గ్రాఫును తాకుతూ పోయే గీత అవుతుంది, సగటు వడి తక్షణ వడి, అంటే ఆ క్షణపు వడి అవుతుంది. కిందపడే వస్తువు పడిన దూరం కాలం వర్గానికి 4.9 రెట్లు. 1 సెకను నుంచి 2 సెకన్ల దాకా సగటు వడి 14.7. 1 నుంచి 1.1 దాకా 10.29. 1 నుంచి 1.01 దాకా 9.849. అది 9.8 దగ్గర కుదురుకుంటోందని కనబడుతోంది కదా. 1 సెకను దగ్గర తక్షణ వడి అదే.

(సభలో నుంచి ప్రశ్న: రోడ్ల మీద రెండు కెమెరాలు పెట్టి సగటు వడి లెక్కగడతారు కదా, అందులో దొరికినవాడు ఆ వడితో నిజంగా పోయాడని ఎలా చెప్పగలం?)

మంచి ప్రశ్న. రెండు కెమెరాల మధ్య 5 కిలోమీటర్లు, పరిమితి 80 అనుకుందాం. 80తో పోతే 225 సెకన్లు పట్టాలి. ఒక కారు 200 సెకన్లకే రెండో కెమెరా ముందుకు వచ్చింది. సగటు 90. కెమెరాల దగ్గర మాత్రం 60కి తగ్గించాడు, అయినా ఏమీ కలిసిరాలేదు, ఎందుకంటే ఇక్కడ లెక్కకొచ్చేది మధ్యలో గడిచిన కాలం. అతను ఒక్క క్షణం కూడా 90ని అందుకోలేదనుకుందాం. అలాగైతే 200 సెకన్లలో అతను వెళ్లే దూరం 5 కిలోమీటర్లకన్నా తక్కువే అయ్యుండాలి. కానీ 5 కిలోమీటర్లు వెళ్లాడు. కాబట్టి ఎక్కడో ఒకచోట కనీసం ఒక్క క్షణమైనా సరిగ్గా 90తో ఉన్నాడు. ఎక్కడన్నది మాత్రం ఈ లెక్క చెప్పదు. పైతరగతుల్లో లెగ్రాంజ్ మధ్యమ మూల్య సిద్ధాంతం అని చదివేది ఇదే.

ఇక చేసి చూసే ప్రయోగం. ఒక పొడవాటి పలక, ఒక ఆటబొమ్మ కారు, టేపు, స్టాప్‌వాచ్ చాలు. పలక ఒక చివర కింద పుస్తకాలు పెట్టి కాస్త వాలు ఇవ్వండి. 2 మీటర్ల దూరంలో రెండు గీతలు గీయండి. కారు ముందు అంచును మొదటి గీత మీద ఉంచి, తోయకుండా వదలండి. ముందు అంచు రెండో గీతను తాకినప్పుడే గడియారం ఆపాలి. మొదట ముందు అంచు, చివర్లో వెనక అంచు చూస్తే కారు పొడవు దూరంలో కలుస్తుంది. రైలు ప్లాట్‌ఫారం దాటే లెక్కలో రైలు పొడవు కలపాల్సిరావడం ఇందుకే. 200 మీటర్ల రైలు 300 మీటర్ల ప్లాట్‌ఫారాన్ని పూర్తిగా 25 సెకన్లలో దాటితే, దూరం 500 మీటర్లు. వడి సెకనుకు 20 మీటర్లు, గంటకు 72 కిలోమీటర్లు.

మళ్లీ కారుకే వద్దాం. ఐదుసార్లు వదిలితే 1.62, 1.48, 1.55, 1.91, 1.54 సెకన్లు వచ్చాయనుకుందాం. ఆ 1.91ని ఏం చేయాలి? నచ్చలేదని కొట్టేయకూడదు. కారు అంచుకు రాసుకుందని, వదిలేటప్పుడు చెయ్యి తగిలిందని అప్పుడే పక్కన రాసుకుని ఉంటే తీసేయొచ్చు. కారణం తెలియకపోతే ఆరోహణ క్రమంలో పేర్చి మధ్యలోది, 1.55 తీసుకోండి. ఒక్క చెడ్డ కొలత దాన్ని పెద్దగా కదిలించలేదు. సగటు వడి 2 భాగించు 1.55, సెకనుకు 1.29 మీటర్లు. మూడు అంకెలకు మించి రాయకండి. చేత్తో ఆపే గడియారంలో ఒక పదోవంతు సెకను అటూఇటూ ఉండటం మామూలే. 1.55లో అది 6 శాతం పైనే. గీతల మధ్య అర మీటరే ఉంచితే అదే పొరపాటు ఇంకా పెద్ద శాతం అవుతుంది. అందుకే దూరం పెంచండి, వాలు తగ్గించండి. రెండూ కాలాన్ని పెంచేవే.

మెర్టన్ పండితుల మాటనూ ఇక్కడే పరీక్షించొచ్చు. నిలిచిన స్థితి నుంచి బయల్దేరి స్థిర త్వరణంతో వచ్చింది కాబట్టి, పలక అడుగున కారు వడి సగటుకు రెట్టింపు, అంటే 2.58 ఉండాలి. పలక దిగాక నున్నటి నేల మీద 1 మీటరు దూరం గుర్తుపెట్టి కాలం చూడండి. 0.39 సెకను రావాలి. రాపిడి వల్ల కాస్త ఎక్కువే వస్తుంది. పలకా నేలా కలిసేచోట గట్టు ఉంటే కారు ఎగిరిపడి లెక్క చెడుతుంది, ఒక అట్టముక్క వంచి అంటించండి.

(ప్రశ్న: ఇంత తక్కువ కాలాన్ని చేత్తో పట్టలేం కదా. ఫోన్ వీడియోతో కొలవొచ్చా?)

కొలవాలి కూడా. సెకనుకు 30 ఫ్రేముల వీడియో అయితే ఒక్కో ఫ్రేము మధ్య 0.033 సెకను, 240 ఫ్రేములదైతే 0.004 సెకను. వీడియోను ఫ్రేము తర్వాత ఫ్రేముగా జరుపుతూ, మొదటి గీత దాటిన ఫ్రేము సంఖ్య, రెండో గీత దాటిన ఫ్రేము సంఖ్య రాసుకోండి. 112వ ఫ్రేము, 158వ ఫ్రేము అనుకుందాం. తేడా 46, కాలం 46 భాగించు 30, అంటే 1.53 సెకను. 112 నుంచి 158 దాకా వేళ్ల మీద లెక్కపెడితే 47 వస్తుంది, అది ఫ్రేముల సంఖ్య. మనకు కావాల్సింది వాటి మధ్య వ్యవధుల సంఖ్య, అది ఎప్పుడూ ఒకటి తక్కువ.

ఫోన్‌ను చేత్తో పట్టుకోకండి, ఆనించి నిలబెట్టండి. బాటకు లంబంగా, వీలైనంత దూరంగా ఉంచండి. దగ్గర పెట్టి ఏటవాలుగా చూస్తే, కారు గీత దాటకముందే దాటినట్టు కనబడుతుంది. గీతలు కారు నడిచే పలక మీదే ఉండాలి, వెనక గోడ మీద ఉండకూడదు. ఇంకో ఇబ్బంది, వెలుతురు తక్కువగా ఉంటే చాలా ఫోన్లు చెప్పాపెట్టకుండా సెకనుకు తీసే ఫ్రేములు తగ్గించేస్తాయి. అప్పుడు 30తో భాగించడమే తప్పవుతుంది. అందుకని సెకనులో వందోవంతు చూపించే గడియారం ఒకటి తిరుగుతూ అదే వీడియోలో ఓ మూల కనబడేలా పెట్టండి. ఫ్రేముల లెక్కకూ దానికీ తేడా వస్తే గడియారం చూపించిందే తీసుకోండి.